ఏరుకున్న ఆరు – పదకొండో భాగం: బ్రాందీ షాపు

కిందటి వారం మనం అమూల్యని టూంగాబీ స్టేషను వెనక వీధిలో, ఇంకా తెరవని తన షాపులో, చేతిలో ఒక ఉత్తరంతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఆస్పత్రి ల్యాబులో పదకొండేళ్ళ ఉద్యోగం వదులుకుని పెట్టుకుంటున్న షాపు అది. ఊరూరా ఉన్న చిన్న చిన్న బ్రూవరీలు కొద్దికొద్దిగా కాచే క్రాఫ్ట్ బీర్లు, ఏ సీసాకా సీసా విడిగా అమ్ముతుంది. వచ్చినవాళ్ళు గోడ పొడుగునా ఉన్న అరల్లోంచి నచ్చిన ఆరింటిని ఏరుకుని, అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళొచ్చు. మిగతా షాపుల్లో ఆరూ ఒకే రకం కట్టగట్టి పెడతారు, ఒక్కటి విడదీసి ఇమ్మంటే మొహం చిట్లిస్తారు. అలా చిట్లించిన మొహాలు చాలా చూశాకే అమూల్యకి ఈ ఆలోచన వచ్చింది. లైసెన్సు రావడమే తరువాయి అనుకుంటూ ఉండగా, ఈ షాపు ఇక్కడ వద్దంటూ ఎవరో లైసెన్సు ఆఫీసుకి రాశారు. ఆఫీసువాళ్ళు పేరు కొట్టేసి ఒక కాపీ అమూల్యకి పంపించి, సోమవారంలోగా జవాబు చెప్పమన్నారు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం పన్నెండు దాటింది.

ఉత్తరం రెండు పేజీలు. పాయింటు పాయింటుకీ నంబరు వేసి, చక్కటి ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. దానికింద ఆఫీసువాళ్ళు ఎంతో మర్యాదగా ఒక ప్రశ్న జతచేశారు. ‘మీ దరఖాస్తులో బీరు అని మాత్రమే ఉంది. అభ్యంతరంలో ఏడుసార్లు బ్రాందీ ప్రస్తావన వచ్చింది. మీరు బ్రాందీ కూడా అమ్మబోతున్నారా?’

అది చదివి అమూల్య ఫక్కున నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఆగిపోయింది. ఈ దేశంలో మందు దొరికే చోటుని బాటిల్ షాపు అంటారు, ముద్దొస్తే బాటిల్-ఓ అంటారు. విస్కీ అమ్మినా రమ్ము అమ్మినా, చివరికి బీరు తప్ప ఇంకేమీ అమ్మకపోయినా దాన్ని ‘బ్రాందీ షాపు’ అని రాశాడంటే, రాసినవాడు మనవాడే. అందులో ఇంకో మాట లేదు.

ఇంట్లోవాళ్ళు కాక మనవాళ్ళలో ఈ షాపు సంగతి తెలిసింది ఒక్క కళావతి ఆంటీకే. అమూల్య వెంటనే ఫోన్ చేసింది. మొహమాటపడితే అడగలేనని ముందే తెలుసు కాబట్టి, కుశలం కూడా అడక్కుండా విషయంలోకి దిగిపోయింది.

“ఆంటీ, నా షాపు మీద కంప్లైంట్ మీరు రాశారా?”

“నేనా? ఏం షాపు? నువ్వు సింగిల్స్ షాపు అన్నావుగా. మా చైత్రకి ముప్ఫై ఒకటి నిండాయి, ఇక్కడి సంబంధాలేవైనా వస్తాయేమో, నువ్వు ఓపెన్ చేయగానే బయోడేటా పట్టుకొద్దామని కూర్చున్నానే!”

“ఆంటీ, సింగిల్స్ అంటే విడి సీసాలు. బీరు సీసాలు.”

అవతలి నుంచి “రామ రామ,” అని వినిపించి ఫోన్ కట్టయింది. అమూల్య నెత్తి కొట్టుకుంది. కళావతి ఆంటీ అయితే కాదు, కానీ సాయంత్రానికల్లా ఈ సంగతి తెలియనివాళ్ళు మనవాళ్ళంతా ఉండే వెంట్‌వర్త్‌విల్‌లో ఉండరు.

మళ్ళీ ఉత్తరం తీసి మొదట్నించీ చదవడం మొదలుపెట్టింది. నాలుగో పాయింటు దగ్గర కళ్ళు నిలిచిపోయాయి. ‘పై బ్రాందీ షాపు ప్రైమరీ స్కూలు గేటుకి కేవలం 412 అడుగుల దూరంలో ఉన్నది (నా అడుగులు).’

నా అడుగులు!

లోకంలో దూరాన్ని మీటర్లలో కొలిచేవాళ్ళున్నారు, నిమిషాల్లో చెప్పేవాళ్ళున్నారు. అడుగులు వేస్తూ లెక్కపెట్టి, చొక్కా జేబులోని చిన్న నోటుబుక్కులో రాసుకుని, బ్రాకెట్లో ‘నా అడుగులు’ అని పెట్టేవాడు అమూల్యకి తెలిసినంతలో ఒక్కడే. గిరావీన్‌లో అమూల్య ఇంట్లోనే ఉంటాడు. ఫ్రిజ్జు నుంచి పెరటి తలుపుకి పద్నాలుగు. పెరటి తలుపు నుంచి ఆయన పెంచే గోంగూర మడికి ఇరవై రెండు. రేపల్లె కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ద్వారకానాథ్ గారు, సాక్షాత్తూ మావగారు.

అమూల్య ఖాళీ అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. కోపం రావాలి కదా, రాలేదు. ఆయనకి తెలియదు. కోడలు ‘గిఫ్ట్ ప్యాకుల షాపు’ పెడుతోందని మాత్రమే ఆయనకి తెలుసు. ఆ మాట చెప్పింది తనే. అబద్ధం కాదని ఎనిమిది నెలలుగా తనకి తాను చెప్పుకుంటోంది. “నాన్నకి టైమ్ చూసి నేను చెప్తాలే,” అన్న భర్త జయంత్‌కి ఆ టైమ్ ఇంతవరకూ కనబడలేదు. నిన్న పొద్దున కూడా ఎప్పట్లాగే నెలాఖరు ఆఫీసు పనని, టీమ్‌లో మనవాళ్ళకి ఇష్టమని గోంగూర పచ్చడి సీసా బ్యాగులో పెట్టుకుని మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు.

ఇంక దాచడం తన వల్ల కాదనుకుంది. ఇంటికి ఫోన్ చేసింది.

“మావయ్యగారూ, టూంగాబీ దాకా ఒకసారి నడిచొస్తారా? స్టేషను వెనక, మూసేసిన బేకరీ పక్కన.”

“బేకరీ పక్కనా?” ఆయన గొంతు కొంచెం మారింది. “సరే, వస్తున్నా.”

వచ్చారు. తెల్ల బూట్లు, తలమీద టోపీ, జేబులో నోటుబుక్కు. అద్దం మీద అతికించిన లైసెన్సు నోటీసు ముందు ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా దానికేసి చూస్తూ నిలబడ్డారు. అమూల్య లోపల్నించి తలుపు తీసింది.

“ఇందులో నువ్వేం చేస్తున్నావమ్మాయ్?”

“ఇది నా షాపే మావయ్యగారూ.”

ద్వారకానాథ్ గారు ఆ నోటీసుని చూశారు, కోడల్ని చూశారు, మళ్ళీ నోటీసుని చూశారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఎండ నేరుగా బట్టతల మీద పడుతున్నా కదల్లేదు.

“ఇక్కడేదో కంపెనీ పేరుంది.”

“నాదే. రిజిస్ట్రేషన్‌కి పెట్టుకున్న పేరు.”

“గిఫ్ట్ ప్యాకులన్నావు.”

“అన్నాను. తప్పే. భయపడ్డాను.” ఉత్తరం ఆయన ముందు పెట్టింది. “మీరు రాసింది ఇదే కదూ?”

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. తన ఉత్తరాన్ని దూరం నుంచే గుర్తుపట్టి తల ఊపారు.

“లోపలికి రండి మావయ్యగారూ.”

“నేను బ్రాందీ షాపు గడప తొక్కను.”

“అదే తెలుసుకోవాలిప్పుడు. బ్రాందీ ఉందా లేదా అని ఆఫీసువాళ్ళు అడిగారు. మీరే లోపలికొచ్చి వెతికి చెప్పండి. సోమవారం జవాబివ్వాలి.”

ఇది కొంచెం గడుసుదనమే, ఒప్పుకుందాం. టూంగాబీ ఫుట్‌పాత్ పగుళ్ళ నుంచి చెత్తబుట్టల మూతల దాకా కౌన్సిల్‌కి ఉత్తరాలు రాసే మనిషిని తనిఖీకి రమ్మంటే ఎంతసేపు బయట నిలబడగలడు? ఒక నిమిషం నిలబడ్డారు. తర్వాత కళ్ళజోడు సరిచేసుకుని గడప దాటారు.

ఆయన మనసులో ఉన్న బ్రాందీ షాపు వేరు. ఇనుప కటకటాలు, వాటిలోంచి చొచ్చుకుపోయే పది చేతులు, షాపు వెనక గోడవారన నిలబడి గొంతులో పోసుకునే మనుషులు. ఇక్కడ చూస్తే తెల్లటి గోడ, చెక్క అరలు, అరకొక సీసా, సీసా కింద అమూల్య గుండ్రటి చేతిరాతతో ఒక కార్డు. ఏ బీరు ఏ ఊళ్ళో కాచారు, ఏ వాసన, ఎంత చేదు, ఎంత పులుపు, అన్నీ రాసి ఉన్నాయి. ల్యాబులో శాంపిళ్ళకి చీటీలు రాసిన చెయ్యి కదా. ఆయన ఒక్కో కార్డూ అక్షరం వదలకుండా చదువుతూ గోడ చివరిదాకా నడిచారు.

ఒకచోట ఆగారు. “గోస? ఇదేం పేరు? తాగినవాళ్ళ ఇంటి గోసా?”

“అది జర్మనీవాళ్ళ పేరు మావయ్యగారూ. ఉప్పు వేసి కాస్తారు.”

“పేరు మాత్రం సరిగ్గానే పెట్టారు.” ఆయన నవ్వలేదు గానీ, మీసం ఒక పక్కకి కదిలినట్టు అమూల్యకి అనిపించింది. ఆ కాస్తకే ధైర్యం వచ్చింది.

“కూరగాయల షాపులో మీరు బెండకాయలు ఒక్కోటీ ముక్కు తుంచి చూసి ఏరతారు కదా. షాపతను ఎన్నిసార్లు వద్దన్నా వినరు. కవర్లో కట్టిపెట్టినవి ముట్టుకోరు. ఇదీ అంతే. తాగడానికి కట్టలు కట్టలు కొనేవాడు నా షాపుకి రాడు. కార్డు చదివి, ఒక్కోటీ చేత్తో పట్టుకుని చూసి, అరగంట ఏరుకునేవాడే వస్తాడు.”

“బెండకాయలు తిని ఏ ఇల్లూ కూలిపోలేదమ్మాయ్.”

అమూల్య ఇంక వాదించకుండా నేరుగా అడిగేసింది.

“ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటారా?”

“తీసుకోను.”

“మావయ్యగారూ, ఇది పోతే నాకింకేం లేదు. ల్యాబుకి మళ్ళీ వెళ్ళలేను. పదకొండేళ్ళు ఇంకొకళ్ళు పంపించిన సీసాల మీద నంబర్లు వేశాను. మొదటిసారి నాకు నచ్చినవి నేను ఏరి పెట్టుకున్నాను.”

“ఎవరో షాపని అభ్యంతరం రాసి, కోడలి షాపని తెలియగానే చింపేస్తే, నేను రాసినదానికి విలువేముంది? అది కుదరదు.” అంటూనే ఆయన అట్టపెట్టెల దొంతర మీద కూర్చున్నారు. టోపీని మోకాలి మీద పెట్టుకుని దాని అంచు సవరించారు. “ఇలాంటి ఉత్తరం నేను రాయడం ఇది రెండోసారి,” అన్నారు చివరికి.

“మొదటిసారి ఎవరి మీద?”

“నరసింహ మీద. నా తమ్ముడు.”

అమూల్యకి ఆ పేరు ఒక్కసారే చెవిన పడింది, పెళ్ళైన కొత్తలో. జయంత్‌కి ఒక బాబాయ్ ఉండేవాడనీ, జయంత్‌కి ఆరేళ్ళప్పుడే పోయాడనీ అత్తగారు విద్యావతి చెప్పింది. ఆవిడ కూడా పోయి ఆరేళ్ళవుతోంది.

“ముప్ఫై ఏళ్ళ పైమాట. మా కాలేజీకి ఎదురుగా బ్రాందీ షాపుకి వేలం పెట్టారు. నరసింహ పాట పాడి దక్కించుకున్నాడు. నేను క్లాసులో పాఠం చెప్తుంటే కిటికీలోంచి బోర్డు కనిపించేది, కింద మా ఇంటిపేరుతో సహా. పిల్లలు నవ్వేవాళ్ళు. తీసెయ్యరా అన్నాను, వినలేదు. కలెక్టరుకి అర్జీ రాశాను, గేటు నుంచి ఎన్ని అడుగులో లెక్కపెట్టి మరీ. రెండు నెలల్లో మూయించారు.” ఆయన టోపీ పక్కన పెట్టారు. “వాడు పెళ్ళిళ్ళలో ఎప్పుడైనా ఒక బీరు తాగేవాడు, అంతే. తూలగా నేనెప్పుడూ చూడలేదు. నా పరువు తూలిపోయిందని నేనే గోల చేశాను. షాపు మూసిన రోజు సాయంత్రం వాడు పోయాడు.”

“అయ్యో! అంటే, ఆత్మహత్యా?”

ఆయన తెల్లబోయారు. “ఛ, ఛ, ఏం మాటలవి? పోయాడంటే ఊరొదిలి పోయాడు! బస్సెక్కి పోయాడు!”

“మరి అత్తయ్యగారు పోయాడనే అన్నారే!”

“నేనూ అదే అన్నాను. అందరికీ. చచ్చిపోయాడని నేనెప్పుడూ అనలేదమ్మా. విన్నవాళ్ళు అలా అనుకున్నారు, నేను దిద్దలేదు. దిద్దితే ఎందుకు పోయాడో చెప్పాల్సొస్తుంది.” తల వంచుకుని చిన్నగా అడిగారు. “మన ఇంట్లో వాడికి తద్దినం పెట్టగా ఎప్పుడైనా చూశావా?”

చూడలేదు. పన్నెండేళ్ళ కాపురంలో అత్తగారి తద్దినానికీ, మావగారి తల్లిదండ్రుల తద్దినాలకీ గారెలు వండిన అమూల్యకి ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు. ‘పోయాడు’ అన్న మూడక్షరాల మీద ఒక నిండు మనిషిని ముప్ఫై ఏళ్ళు చనిపోయినవాణ్ణి చేసి కూర్చోబెట్టారు ఈ ఇంట్లో. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె వెళ్ళి ఆయన పక్కనే ఇంకో పెట్టె మీద కూర్చుంది.

“ఆయన ఎక్కడున్నారో తెలుసా?”

“మూడేళ్ళ కిందట గుడిలో మా ఊరాయన ఒకాయన కనిపించాడు. ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. నరసింహ ఇక్కడే ఉన్నాడట, ఈ దేశంలోనే. మెల్‌బోర్న్ అవతల క్లైడ్ నార్త్‌లో కూతురి దగ్గర. నంబరు కూడా ఇచ్చాడాయన.” జేబులోంచి నోటుబుక్కు తీసి చివరి పేజీ చూపించారు. అడుగుల అంకెల మధ్య ఒక ఫోన్ నంబరు, చుట్టూ గుండ్రంగా గీసిన గీత. పేజీ అంచులు నలిగి మెత్తబడ్డాయి. “చాలాసార్లు తీశాను. ఏమని మొదలుపెట్టను?”

కాసేపయ్యాక ఆయనే లేచారు. గొంతు సవరించుకున్నారు. “ఇదిగో చెప్తున్నా విను. ఉత్తరం వెనక్కి తీసుకోను. ఇంకోటి రాస్తాను. ఇక్కడ బ్రాందీ లేదు, నేను స్వయంగా చూశాను. రెండోది, రాసినవాడికీ షాపు యజమానికీ బంధుత్వం ఉంది, అది ఆఫీసుకి తెలియాలి. నాలుగు వందల పన్నెండు అడుగుల మాట నిజం, దాన్ని మార్చను. కాబట్టి స్కూలు వదిలే వేళకి గంటసేపు నువ్వు తలుపు మూసుకుంటానని రాసిస్తే, నాకు అభ్యంతరం లేదని నేను రాసిస్తాను.”

“రెండు గంటలు మూస్తాను!”

“గంట చాలు. బేరాలాడకు.”

అమూల్యకి కళ్ళనీళ్ళొచ్చాయి. తుడుచుకోకుండానే నవ్వింది. లైసెన్సు ఇస్తారో ఇవ్వరో ఇంకా ఎవరికి తెలుసు? కానీ ఆ ఇంట్లో ఇక దాక్కోనక్కర్లేదు, అది మాత్రం ఖాయం. ఎనిమిది నెలల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

“ఇప్పుడు ఎలా ఏరుకోవాలో చూపించు,” అన్నారాయన.

“మీకా?”

“నాకెందుకు? నరసింహకి. ఇవి అమ్ముతున్నావా?”

“లైసెన్సు వచ్చేదాకా అమ్మకూడదు. ఇవి శాంపిళ్ళు. మనవాళ్ళకి ఊరికే ఇవ్వొచ్చు.”

ఆయన ఆరు గళ్ళున్న అట్టపెట్టె చేత్తో పట్టుకుని గోడ దగ్గరికెళ్ళారు. బెండకాయలు ఏరే ఓపికే ఇక్కడా కనిపించింది. సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, కార్డు మళ్ళీ చదివి, ఒకటి పెట్టి, తీసి, ఇంకోటి పెట్టారు. “వాడికి పులుపంటే ప్రాణం,” అంటూ చింతపండు వేసి కాచిన పుల్లటిది ఒకటి తీశారు. “చిన్నప్పుడు కాఫీ కోసం ఏడ్చేవాడు,” అంటూ కాఫీ వాసన వచ్చే నల్లటిది. మామిడి వాసనది ఒకటి. అల్లంది ఒకటి. ఐదోది గోస. “ఇది నా తరఫున. వాడికి పెట్టింది నేనేగా,” అన్నారు. ఆరో గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఏదీ తియ్యలేదు.

“ఆరోది వాడే ఏరుకోవాలి,” అన్నారు చివరికి. “రమ్మందామా?”

అమూల్య తన ఫోన్లో నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, పెట్టె పక్కన బల్ల మీద ఉంచింది. మూడు రింగులు. నాలుగు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు, మళ్ళీ విప్పారు.

“హలో?” ముసలి గొంతు. రేపల్లె యాస చెక్కుచెదరలేదు. “ఎవరండీ?”

ద్వారకానాథ్ గారు నోరు తెరిచారు. ముప్ఫై ఏళ్ళుగా పోగుచేసుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. చివరికి వచ్చింది ఒకటే. “బ్రాందీ షాపేనా అండీ?”

అవతల గట్టిగా ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

“అన్నయ్యా! ఇన్నాళ్ళకా మాట్లాడేది? నెలనెలా నీ చేతి గోంగూర పంపిస్తావు గానీ ఒక్కసారి ఫోన్ చెయ్యవేం? ఇప్పుడు కూడా దాంతోనే అన్నం తింటున్నాం!”

ద్వారకానాథ్ గారు అయోమయంగా కోడలివైపు చూశారు. అమూల్యకి నిన్న పొద్దున జయంత్ బ్యాగులోకి వెళ్ళిన పచ్చడి సీసా కళ్ళముందు కదిలింది. ఆమె ఏదో అనబోయేలోగా ఫోన్లో గిన్నె చప్పుడూ, దాని వెనకే ఇంకో గొంతూ వినిపించాయి. పన్నెండేళ్ళుగా రోజూ వింటున్న గొంతు.

“ఎవరు బాబాయ్, ఫోన్లో?”